గంగాదేవి పేరు చెప్పక తప్పదు

మిథిల చిత్రకళ ఊరందరిదీ, తల్లి నుంచి కూతురికి వస్తున్న ఆచారం, అందులో ఫలానా మనిషి సృష్టి అని విడిగా చూపడానికి ఏమీ ఉండదు అనే అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. ఆ కళంటే గిట్టనివాళ్ళు అనే మాట కాదిది. ప్రేమించేవాళ్ళే, పొగడ్తగా అంటారు. ప్రతి ఇంటా ఒక చిత్రకారిణి ఉందని చెప్పుకోవడం సొంత ప్రాంతంలోనూ గర్వకారణమే. అయినా ఇది పొరపాటు అభిప్రాయం. దీనివల్ల జరిగిన నష్టం కూడా తక్కువది కాదు. గంగాదేవి జీవితం, ఆమె గీసిన చిత్రాలు, వాటిలో ఒకదానికి పట్టిన గతి చూస్తే రెండూ తేటతెల్లమవుతాయి.

గంగాదేవి 1928లో బీహార్‌లో, మిథిలకు చెందిన మధుబని ప్రాంతంలో, చత్రా గ్రామంలో, కాయస్థ కుటుంబంలో పుట్టింది. చిత్రం వేయడం తల్లి దగ్గర నేర్చుకుంది. అక్కడి ఆడపిల్లలందరూ నేర్చుకునేది అలాగే. నేల మీద బియ్యప్పిండి నీళ్ళతో వేసే అరిపన్ మన ముగ్గుకు తోబుట్టువు లాంటిది. పెళ్ళినాడు కొత్త దంపతులుండే గది గోడ మీద వేసేది కోహ్బర్. తామరాకుల వలయం, దాన్ని చీల్చుకుని నిటారుగా లేచే కాడ, వెదురు పొద, చేపలు, తాబేళ్ళు, చిలుకల జంటలు, గది మూలల్లో కాపలాగా ఒంటికన్ను కనబడే నైనా జోగిన్‌లు అందులో ఉండాల్సినవి. ఇంతవరకు అందరి ఆస్తే. దీన్ని ఎవరూ కాదనరు.

అయితే ఉమ్మడి వస్తువు ఉన్నంత మాత్రాన చేతులన్నీ ఒకటైపోవు. ఒకే రాగాన్ని వందమంది పాడతారు. పాడినవారి పేరు అడగడం సంగీతంలో ఎవరికీ తప్పుగా తోచదు. మిథిల ఊళ్ళలో కూడా పెళ్ళివారు మంచి చేయి ఎవరిదో తెలుసుకుని పిలిపించుకునేవారు. ఆ చేయి తిరిగిన స్త్రీ గీతలు గీస్తే మిగతావాళ్ళు రంగులు నింపేవారు. ఎవరి పనితనం ఎంతో ఆ స్త్రీలకు తెలుసు. పేర్లు చెరిగిపోయింది ఆ బొమ్మలు ఊరు దాటి, జానపదం అనే చీటీ అంటించుకున్న తర్వాతే.

కాయస్థ ఇళ్ళలో వాడుకగా ఉన్న కచ్నీ పద్ధతిలో రంగు నింపడం కంటే గీతకే ప్రాధాన్యం. నలుపు, ఎరుపు సిరాలతో సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి చేరి నీడను, బరువును, నేతను పుట్టిస్తాయి. గంగాదేవి ఈ పద్ధతిని కనిపెట్టలేదు. దాన్ని ఎంత దూరం తీసుకుపోవచ్చో చూపింది. పుట్టుక నుంచి పెళ్ళి, సంసారం దాకా గ్రామీణ జీవితంలోని సంస్కారాలన్నిటినీ వరస చిత్రాలుగా చెప్పిన ‘మానవ జీవన్’ ఇందుకు పెద్ద సాక్ష్యం. గోడ మీది కోహ్బర్ ఒక శుభచిహ్నం, దానికి ముందూ వెనకా ఉండదు. ‘మానవ జీవన్’లో కాలం నడుస్తుంది. ఒక ఘట్టం తర్వాత ఇంకొకటి వస్తుంది, మనుషుల వయసు మారుతుంది. మంగళచిహ్నాల భాషలో కథనం నడపడం ఆచారం నేర్పిన పని కాదు, ఆమె పూనుకుని చేసిన పని.

1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవాలకు ఆమెను పంపారు. అక్కడ చూసిన వాషింగ్టన్ స్మారకస్తంభాన్ని, జనం కేకలు పెడుతూ ఎక్కే రోలర్ కోస్టర్‌ను తిరిగొచ్చాక గీసింది. ఆ వస్తువులకు మిథిల గోడల మీద నమూనా లేదు, అమ్మమ్మలు నేర్పింది ఏదీ అక్కరకు రాదు. కోహ్బర్ కాడలకూ ఆకులకూ అలవాటైన గీతతోనే ఆమె ఆ పట్టాల మెలికల్ని అల్లింది. బదరీనాథ్ యాత్రనూ అలాగే గీసింది. ఆ తర్వాత క్యాన్సర్ వచ్చింది. ఢిల్లీలో చికిత్స పొందుతూ ఆ రోగాన్నే వస్తువుగా తీసుకుంది. ఆసుపత్రి, వైద్యులు, మంచం మీది రోగి, అందరూ ఆ సన్నటి గీతల్లోకి వచ్చారు. ఒక గ్రామీణ స్త్రీ తన ఒంటిలోని జబ్బును శుభకార్యాల కోసం పుట్టిన భాషలో చెప్పుకోవడం ఎంత సాహసమో ఆలోచించాలి. దీన్ని కూడా సామూహిక సంప్రదాయం ఖాతాలో వేస్తే ఆ మాటకు అర్థమే మిగలదు.

ఇదే అభిప్రాయానికి ఇంకో రూపం కూడా ఉంది. 1966-67 నాటి కరువు, ఆ కరువులో పుపుల్ జయకర్ నాయకత్వంలోని అఖిల భారత హస్తకళల బోర్డు మధుబనికి పంపిన భాస్కర్ కులకర్ణి, ఆయన పంచిన కాగితం లేకపోతే ఈ చిత్రకారిణులే లేరనేది ఆ వాదన. కాగితం ఉపాధినిచ్చింది, నిజమే. జగదంబాదేవికి 1975లో, సీతాదేవికి 1981లో, గంగాదేవికి 1984లో పద్మశ్రీ రావడానికి దారి అక్కడే మొదలైంది. గంగాదేవికి అది ప్రాణాధారం కూడా. పిల్లలు కలగలేదని భర్త మరో పెళ్ళి చేసుకున్నాక ఆమె నిరాధారంగా మిగిలింది. అయినా అదే కాగితం వేలమందికి అందింది. ‘మానవ జీవన్’ గీసింది ఒక్కరే.

అభిప్రాయాలు అభిప్రాయాలుగానే ఉండిపోతే ఇంత వాదన అక్కర్లేదు. న్యూఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని క్రాఫ్ట్స్ మ్యూజియంలో గంగాదేవి ఒక గది గోడల నిండా కోహ్బర్ చిత్రించింది. అప్పటికే ఆమె కీమోథెరపీ తీసుకుంటోంది. ఆసుపత్రికీ గోడకూ మధ్య తిరుగుతూ నెలల తరబడి చేసిన పని అది. 1991లో ఆమె చనిపోయింది. 2015లో, మ్యూజియం మరమ్మతుల సమయంలో, ఆ గోడలకు సున్నం కొట్టేశారు. పేరున్న నగర చిత్రకారుడి కుడ్యచిత్రం ఉన్న గోడ మీద ఎవరైనా ఇంత సులువుగా కుంచె ఎత్తేవారా? గోడ చెమ్మగిల్లితే ముందు పరిరక్షకులను పిలిచేవారు. జానపద చిత్రమైతే మళ్ళీ వేయించుకోవచ్చుననే నమ్మకం అప్పటికే సిద్ధంగా ఉంది. కళ ఊరిదైతే ఊళ్ళో ఇంకొకరు వేస్తారు, గోడ నిండుతుంది. కర్త లేని చిత్రానికి అసలు ప్రతి అంటూ ఉండదు కాబట్టి చెరిపేయడం నష్టంగా కనబడదు. ఏళ్ళ తరబడి పొగడ్తగా చెలామణి అయిన మాట ఆ రోజు సున్నపు బకెట్‌గా మారింది.

ఒకరి పేరు ఎత్తిచూపితే మిగతా స్త్రీలు మరుగున పడతారనే అభ్యంతరం వినవలసినదే. అందులోనూ కులం మాట ఉంది. చాలాకాలం బయటివాళ్ళకు తెలిసిన మిథిల చిత్రకళ అంటే బ్రాహ్మణ ఇళ్ళలో రంగు నింపి వేసే భర్నీ, కాయస్థ ఇళ్ళ కచ్నీ మాత్రమే. కానీ సామూహికత అనే మాట ఈ అన్యాయాన్ని ఏనాడూ సరిదిద్దలేదు, ఇంకా కప్పిపుచ్చింది. దళిత దుసాధ్ స్త్రీల పచ్చబొట్టు గీతల నుంచి వచ్చిన గోద్నా శైలి చనో దేవి వంటి పేర్లతోనే తలెత్తుకుంది. రాంటీ గ్రామంలో చేపలు పట్టే మల్లాహ్ కులానికి చెందిన దులారీదేవి ఇళ్ళలో పాచిపని చేస్తూ చూసి నేర్చుకుని, 2021లో పద్మశ్రీ అందుకునేదాకా వచ్చింది. ఆమె ఎవరో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం వల్లే ఆ చిత్రాల్లోని జాలరి జీవితం అర్థమవుతుంది. పేర్లు పెరిగినకొద్దీ కళ విశాలమైంది.

సొంత ప్రాంతం చేసుకునే సన్మానాలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. 2017లో మధుబని రైల్వే స్టేషన్ గోడలను వందమందికి పైగా స్థానిక చిత్రకారులు స్వచ్ఛందంగా చిత్రాలతో నింపారు. అందమైన పని, మెచ్చుకోదగిన శ్రమ. 2007లో ఈ కళకు మధుబని చిత్రాలు అనే పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ప్రాంతం పేరుకు రక్షణ ఇస్తుంది, గీసిన మనిషి గురించి ఏమీ చెప్పదు. ఈ రెండూ శైలిని గౌరవిస్తాయి. గంగాదేవిని గౌరవించడానికి వేరే పని చేయాలి. ఆమె చిత్రాలు కొన్ని ఢిల్లీలో ఉన్నాయి, కొన్ని జపాన్‌లోని తొకామాచి పట్టణంలో తొకియో హసెగావా నెలకొల్పిన మిథిలా మ్యూజియంలో ఉన్నాయి. ఆమె అక్కడికి వెళ్ళి, ఉండి, గీసింది కూడా. చత్రాలో, రాంటీలో, జితవార్‌పూర్‌లో ఇవాళ కలం పట్టుకునే పిల్ల ఆ అసలు చిత్రాల ఎదుట నిలబడే ఏర్పాటు కావాలి. ఏ చిత్రం ఏ ఏడాదిది, ఇప్పుడు ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది అనే పూర్తి జాబితా కావాలి. పాఠ్యపుస్తకంలో తామరల బొమ్మ కింద ‘మధుబని చిత్రం’ అని రాసే చోట గీసినవారి పేరు రావాలి. క్రాఫ్ట్స్ మ్యూజియం డైరెక్టర్‌గా పనిచేసిన జ్యోతీంద్ర జైన్ 1997లో గంగాదేవి మీద ఒక పూర్తి గ్రంథం వెలువరించాడు. ఒక మిథిల చిత్రకారిణిని ఆధునిక చిత్రకారులతో సమానంగా, చిత్రం చిత్రంగా పరిశీలించిన పని అది. సున్నం కింద పోయిన ఆ గదిలో గంగాదేవి ఏం గీసిందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇప్పుడు వెతుక్కోవలసింది అలాంటి పుస్తకాల్లో, పాత ఫోటోల్లోనే.