అమ్మేది ముగ్గురాయే, అడ్డుపడేదీ ముగ్గురాయే

మంగంపేట ముగ్గురాయికి గిరాకీ ఎప్పుడు పుంజుకొంటుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు. అమెరికాలో, గల్ఫ్ దేశాల్లో చమురు బావుల తవ్వకం జోరందుకొంటే మన పొడి మిల్లులకు ఊపిరి సలపదు. తవ్వకం మందగిస్తే సరుకు యార్డుల్లో మగ్గుతుంది. ఇంతవరకు మన వర్తకులకు కంఠతా వచ్చిన పాఠమే. తవ్విన తరువాత బావిలో ఏమి జరుగుతుందన్నది మాత్రం మన బజారులో ఎవరూ అడగరు. అడగవలసిన అవసరం ఉన్నదని, అందులో మన డబ్బు కూడా ఇరుక్కొని ఉన్నదని మా అభిప్రాయం.

తవ్వేటప్పుడు ముగ్గురాయి పని బరువు. పొడిని డ్రిల్లింగ్ మడ్‌లో కలిపి బావిలో నింపితే, ఆ బరువు కింది నుంచి తన్నుకొచ్చే గ్యాసును అణచిపెడుతుంది. అందుకే సాపేక్ష సాంద్రత 4.20 ఉన్న సరుకుకు ఒక ధర, 4.10కి మరొక ధర. 75 మైక్రాన్ల జల్లెడ మీద నూటికి మూడు పాళ్లకు మించి మిగలరాదన్న అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నిబంధన మిల్లు వారందరికీ తెలిసినదే. అయితే తవ్వకం పూర్తయి, తొడుగు గొట్టాలు దించి, సిమెంటు చేశాక ఇదే పొడి చెత్త కింద జమ. బావిని ఉత్పత్తికి సిద్ధం చేసే దశను ఆ రంగం వారు కంప్లీషన్ అంటారు. అప్పుడు మడ్ నంతా వెళ్లగొట్టి, వడపోసిన ఉప్పునీరు నింపాలి. గొట్టాల గోడలు గీకాలి, బ్రష్షులు తిప్పాలి, ఇనుప రజను అయస్కాంతాలతో ఏరాలి. ఇంత శుభ్రతకు కారణాలు అనేకం. వాటిలో ముఖ్యమైనది తరువాత దించబోయే సేఫ్టీ వాల్వు.

ఇది బావి నోటి దగ్గర చక్రం తిప్పి మూసే వాల్వు కాదు. నేల కింద, సముద్రంలోనైతే సముద్రపు అడుగుకు కింద, ఉత్పత్తి గొట్టంలోనే అమర్చి ఉంటుంది. పావు అంగుళం సన్న గొట్టం గుండా పైనుంచి నూనె ఒత్తిడి అందుతున్నంతసేపే తెరిచి ఉంటుంది. పైన అగ్ని ప్రమాదమో మరొకటో జరిగి ఆ ఒత్తిడి పోయిందా, స్ప్రింగు పైకి లేస్తుంది, రెక్క తలుపు మూసుకొంటుంది. తెరిచి ఉన్నప్పుడు ఆ రెక్కనూ, దాని కీలునూ, అది ఆనే పీటనూ ఒక లోపలి గొట్టం కప్పి ఉంచుతుంది. ఇసుకతో కలిసి దూసుకొచ్చే గ్యాసు వాటిని నేరుగా తాకదు. తెలివైన ఏర్పాటే. కాని ఆ లోపలి గొట్టం వెనుక సందులో నలుసు చేరితే అది కదలనంటుంది. కీలు దగ్గర పేరుకొంటే రెక్క పూర్తిగా వాలదు. గోదాము షట్టరు పట్టాలో మట్టి చేరితే ఏమవుతుందో ప్రతి వర్తకునికీ తెలుసు. గోదాము షట్టరునైతే హమాలీ తన్ని దించుతాడు. అక్కడికి హమాలీ వెళ్లలేడు.

ఇక్కడే మన సరుకు రెండో వేషం కడుతుంది. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. కొన్ని చమురు పొరల నీటిలో బేరియం కరిగి ఉంటుంది. పొరలో ఒత్తిడి నిలపడానికి పైనుంచి పంపు చేసే సముద్రపు నీటిలో సల్ఫేట్ ఉంటుంది. రెండూ కలిసిన చోట, మంగంపేట నుంచి ఒక్క బస్తా రాకపోయినా ముగ్గురాయి దానంతట అదే పుడుతుంది. పళ్లకు గార పట్టినట్టు గొట్టానికీ వాల్వుకూ పడుతుంది. సున్నపు గారనైతే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కరిగిస్తుంది. ఈ గారను అది ఏమీ చేయలేదు. ఉత్తర సముద్రంలోని మిల్లర్ క్షేత్రంలో ఒక బావి గార కారణంగా 24 గంటల్లో రోజుకు 30,000 పీపాల ఉత్పత్తి నుంచి సున్నాకు పడిపోయింది. ధర అంత వేగంగా పడితే ఎక్స్ఛేంజీలో సర్క్యూట్ వేసి ట్రేడింగ్ ఆపుతారు. బావికి ఆ సదుపాయం లేదు.

వాల్వు పట్టు తప్పితే పర్యవసానం ఏమిటో 1977 ఏప్రిల్ 22న నార్వే వారి ఎకోఫిస్క్ క్షేత్రంలో కనిపించింది. బ్రావో వేదిక మీద మరమ్మతు కోసం ఒక బావి పైభాగపు వాల్వుల అమరికను తొలగించారు. లోపల ఉంచిన సేఫ్టీ వాల్వును సరిగా బిగించలేదు. చమురు ఎగజిమ్మింది, ఏప్రిల్ 30న అదుపులోకి వచ్చేలోగా రెండు లక్షల పీపాలకు పైగా పోయింది. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. ఇక అడ్డు లేని గ్యాసు బలమెంతో కోనసీమ వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. అయితే అది తవ్వకం దశలోని బావి, ఈ వాల్వు దించే ఘట్టమే అక్కడ రాలేదు గనుక దానిని వాల్వు లోపానికి ఉదాహరణగా చూపడం న్యాయం కాదు.

మంటలు అరుదు. బజారును తరచుగా తాకేది సరఫరా తరుగుదల. కాకినాడ తీరానికి ఎదురుగా కేజీ-డి6లో 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి చేరి, ఆ తరువాత జారిపోయింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరడాన్ని కంపెనీయే ఒక కారణంగా చెప్పింది. కారణాల మీద ప్రభుత్వంతో పెద్ద వాదమే నడిచింది. అక్కడి డి1, డి3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. ఈ లోపల ఆ గ్యాసును నమ్ముకొని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు పనిలేక నిలబడ్డాయి. తప్పు వాల్వులదని మేము అనడం లేదు. ఇసుక పోసే బావిని నిండుగా తెరిచి నడపలేరు, నడిపితే పీటా రెక్కా అరిగి అసలు మూసే దిక్కే లేకుండా పోతుంది అన్నంతవరకే చెబుతున్నాము. నొక్కి నడిపితే గ్యాసు తగ్గుతుంది. వానలు చూసి మిర్చికి బేరం చెప్పే వర్తకుడు, గ్యాసుతో తయారయ్యే యూరియా దగ్గరకు వచ్చేసరికి బావిలో ఇసుక సంగతి పట్టించుకోకపోవడం వింతే.

రక్షణ మార్గాలు కొత్తవి కావు. కింద ఇసుక జల్లెడ, వాల్వుకు దిగువన గార నిరోధక రసాయనం వదిలే సన్న గొట్టం, తుప్పుకు లొంగని నికెల్ మిశ్రలోహం, లోపల తీగ పనులు చేసేటప్పుడు వాల్వుకు తాత్కాలిక తొడుగు, అన్నింటినీ మించి వేళకు మూసి తెరిచి చూడడం. అమెరికా సముద్ర జలాల్లో పరీక్షకూ పరీక్షకూ మధ్య ఆరు నెలలు దాటరాదు. మూసిన వాల్వు నుంచి నిమిషానికి 400 ఘనపు సెంటీమీటర్ల ద్రవం లేదా 15 ఘనపుటడుగుల గ్యాసు మించి కారితే దానిని బాగుచేయాలి, లేదా మార్చాలి.

చిక్కంతా కొనుగోలులో ఉన్నది. అతి తక్కువ కోట్ చేసిన వానికే కాంట్రాక్టు అన్నప్పుడు కోత మొదట పడేది కంటికి కనిపించని పనికే. ఉప్పునీరు ఎన్నిసార్లు వడపోశారన్నది బిల్లు చూసి తేల్చలేము. లోహం సంగతీ అంతే. 2022 మార్చి 8న లండన్‌లో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటి ట్రేడింగ్ ఆపవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో ఒక మెట్టు తక్కువ రకంతో సరిపెడదామన్న ఆలోచన ఏ సప్లయర్‌కైనా రావచ్చు. శుభ్రత, గార నిరోధం, పరీక్షలు టెండరులో వేరువేరు పద్దులుగా ఉండాలి; ధరల పోటీ మిగతా వాటి మీద పెట్టుకోవచ్చు.

మన మిల్లుల వారికి ఇందులో ఒక బేరం ఉన్నది. చమురు పొరను చేరే చివరి భాగం తవ్వేటప్పుడు, బరువు సరిపోయే చోట, ముగ్గురాయికి బదులు కొలత ప్రకారం నూరిన కాల్షియం కార్బొనేట్, అంటే చలువరాయి, సున్నపురాయి పొడి వాడతారు. మిగిలిపోయినా ఆసిడ్‌తో కరుగుతుంది. దాని సాంద్రత 2.7 మాత్రమే కాబట్టి ఒత్తిడి ఎక్కువైన బావుల్లో ముగ్గురాయి స్థానం దానికి రాదు. పోటీ అని బెంగపడనక్కరలేదు. నూరే యంత్రాలు ఉన్నవి, బస్తాలు ఉన్నవి, కొనేవాడూ దాదాపు ఆ పాత ఖాతాదారే. ఒకే కోట్‌లో రెండు సరుకులూ చూపగల మిల్లుకు వచ్చే ఆర్డర్లు మరికొంత నిలకడగా ఉండవచ్చు.