చాందీపురా టీకా: వ్యాధి రాకముందే సిద్ధం కావాలి

2003 జూన్, ఆగస్టు నెలల మధ్య కరీంనగర్, వరంగల్ జిల్లాలు సహా నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చిన్నారులను బలిగొన్న మెదడువాపు జ్వరానికి చాందీపురా వైరస్ కారణమని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు నిర్ధారించారు. వ్యాధి బారిన పడిన 329 మంది పిల్లల్లో 183 మంది మరణించారు. హఠాత్తుగా జ్వరం, వాంతులు, మూర్ఛ మొదలై ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాలు పోవడం తల్లిదండ్రులను కలవరపరచింది.

1965లో మహారాష్ట్రలోని చాందీపురా గ్రామంలో బయటపడిన ఈ వైరస్‌కు నేటికీ ఆమోదిత టీకా గానీ, ప్రత్యేక ఔషధం గానీ లేవు. 2024లో గుజరాత్, రాజస్థాన్‌లలో ఆగస్టు మధ్య నాటికి 64 చాందీపురా కేసులు నిర్ధారణ అయ్యాయి.

ప్రయోగాలకు అందని వ్యాధి

పరిజ్ఞానం కొరవడిందనడానికి లేదు. హైదరాబాద్ శివారులోని జీనోమ్ వ్యాలీలో రూపుదిద్దుకున్న కొవాగ్జిన్‌కు 2021 జనవరిలోనే అత్యవసర అనుమతి లభించింది. కొవిడ్ దేశమంతటా వ్యాపించినందున 25,800 మందిపై జరిపిన ప్రయోగంలో టీకా సామర్థ్యం కొద్ది నెలల్లోనే తేలింది. చాందీపురా తీరు వేరు. ఊరికి ఒకటి రెండు కేసులుగా తలెత్తి, కొన్ని వారాల్లోనే సద్దుమణుగుతుంది. ప్రయోగానికి అనుమతులు వచ్చేలోగా రోగులే ఉండరు. లాభం లేని టీకాపై పెట్టుబడికి కంపెనీలు ముందుకు రావడం కష్టం. పుణె సంస్థ నిర్వీర్య వైరస్‌తో రూపొందించిన టీకాను ఎలుకలపై పరీక్షించినప్పటికీ అది ప్రజల చెంతకు చేరలేదు.

ఎబోలా నేర్పిన పాఠం

కెనడా ప్రయోగశాలలో ఏళ్ల ముందే తయారై, కోతులపై పరీక్షలు పూర్తిచేసుకున్న ఎబోలా టీకా, 2014లో పశ్చిమ ఆఫ్రికాలో వ్యాధి ప్రబలిన వేళ అక్కరకు వచ్చింది. 2015లో గినీలో రోగుల చుట్టూ ఉన్నవారికి దానిని ఇచ్చి సామర్థ్యాన్ని నిరూపించారు. ఆ టీకాకు వాహకంగా వాడిన పశువుల వైరస్ చాందీపురాకు దగ్గరి బంధువే కావడం గమనార్హం.

చాందీపురా విషయంలోనూ ప్రభుత్వ నిధులతో తొలిదశ భద్రతా పరీక్షలు ముగించి, డోసులను నిల్వ ఉంచడమే మార్గం. అంతవరకు వైరస్‌ను మోసే శాండ్‌ఫ్లై ఈగలు చేరే మట్టిగోడల బీటలు పూడ్చడం, పశువుల కొట్టాల్లో మందు పిచికారీ చేయడం, జ్వరం వచ్చిన బిడ్డను తక్షణం ఆసుపత్రికి చేర్చడమే పల్లెలకు రక్ష. వ్యాధి ప్రబలినప్పుడు హడావుడి చేసి, ఆపై మరచిపోతే మరో వేసవిలోనూ తల్లులకు కడుపుకోత తప్పదు.