ఉప్పు లెక్క పొట్లం ముందువైపే వేయించండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అధ్యక్షులకు,

అయ్యా,

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లి. కిడ్నీలు దెబ్బతిన్న మా నాన్న వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో మిక్చర్ పొట్లం కొనుక్కుంటాడు. చప్పిడి కూడు తినీ తినీ నోరు చచ్చిన మనిషి. లాక్కోవడానికి నాకు చేతులు రావు. ఆ రాత్రంతా దాహం. రోజుకింతని కొలిచి ఇచ్చే నీళ్లు ఆ దాహానికి ఏ మూలకు? తాగితే తెల్లారేసరికి కాళ్లు పొంగుతాయి, ఆయాసం మొదలవుతుంది.

పొట్లం వెనక చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో సోడియం మిల్లీగ్రాములు రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుందని మా తండాల్లో ఎందరికి తెలుసు? ఆరోగ్యంగా ఉన్నవాళ్లే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చిలీ దేశం 2016 నుంచే ఉప్పెక్కువైన ప్యాకెట్ల ముఖం మీద నల్లని ఎనిమిది మూలల ముద్ర వేయిస్తోంది. ముందువైపు హెచ్చరికల సంగతి తేల్చమని మన సుప్రీంకోర్టు కూడా 2025లో గడువు పెట్టింది.

మరొకటి. 'తక్కువ సోడియం' ఉప్పులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. పాడైన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. మంచిదనుకొని మేమూ ఒక ప్యాకెట్ తెచ్చాం, నర్సమ్మ చెప్పబట్టి పారేశాం. ఆ హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ముందే కనపడాలి. తూచి అమ్మే కారప్పూసకైతే లేబులే లేదు. దానికీ దారి చూడండి.

ఇట్లు,
ఒక కూతురు, టేకులపల్లి