పడిపోయిన బరువూ కథే

క్రీడల్లో తొలి అడుగులు వేసిన మహిళల గురించి పిల్లలకు రాసేటప్పుడు పతకాలకు దొరికే చోటు ఓటములకు దొరకడం లేదు

2000 సెప్టెంబర్ 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల 69 కిలోల వెయిట్ లిఫ్టింగ్ పోటీ ముగింపుకొచ్చింది. కరణం మల్లీశ్వరి అప్పటికి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. స్వర్ణం మీద ఆశతో 137.5 కిలోలకు సిద్ధమయ్యారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. కాంస్యంతోనే ఆమె ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు.

పిల్లల కోసం ఈ కథ రాసేవారు మామూలుగా పతకం దగ్గర కలం ఆపేస్తారు. ఆ 137.5 కిలోలు పుస్తకంలోకి రావు. మన దగ్గర క్రీడాకారిణుల బాలల జీవితకథలకు ఒక మూస స్థిరపడిపోయింది. పేదింట్లో పుట్టుక, తెల్లవారుజామున పరుగులు, 'ఆడపిల్లకు ఆటలెందుకు' అనే ఇరుగుపొరుగు, పట్టు వదలని నాయిక, చివర్లో మువ్వన్నెల జెండా, దాని కింద ఒక నీతివాక్యం. పేరు, ఊరు మారిస్తే అదే కథ ఇంకొకరికీ సరిపోతుంది.

ఇందులో నష్టమేముంది అనిపించవచ్చు. ఆ పుస్తకం ఎవరి చేతికి వెళుతుందో ఆలోచిస్తే నష్టం తెలుస్తుంది. పదకొండేళ్ల పిల్ల. మండల స్థాయి పరుగు పందెంలో నాలుగో స్థానంలో వచ్చి, బూట్లు సంచిలో వేసుకుని బస్సెక్కి ఇంటికొచ్చింది. కష్టపడితే గెలుపు ఖాయమని చెప్పే పుస్తకం, ఓడావంటే సరిగా కష్టపడలేదన్న మాటను కూడా ఆ పిల్లకు చెప్పకనే చెబుతుంది. ఉత్సాహం నింపడానికి రాసిన పుస్తకమే చిన్న మనసులో అపరాధ భావం నింపుతుంది.

నాలుగో స్థానమంటే ఏమిటో పి.టి. ఉషకు తెలిసినంతగా ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదేమో. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను తొలిసారి ప్రవేశపెట్టారు. ఫైనల్లో ఉష సమయం 55.42 సెకన్లు. కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయిది 55.41. సెకనులో నూరో వంతు తేడా. రెండేళ్ల తర్వాత సియోల్ ఆసియా క్రీడల్లో ఉష నాలుగు స్వర్ణాలు, ఒక రజతం గెలిచారు. పిల్లల పుస్తకం ఆ నూరో వంతును ఒక్క వాక్యంలో దాటేసి సియోల్‌కు పరుగెడితే అసలు పాఠం జారిపోతుంది. లాస్ ఏంజెలెస్ రాత్రికీ సియోల్ ఉదయానికీ మధ్య ఆ ఇరవై ఏళ్ల అమ్మాయి మళ్లీ ఎలా ట్రాక్ మీదికొచ్చిందన్నదే పిల్లలు తెలుసుకోవాల్సిన సంగతి. అదే రేసులో గెలిచిన నవాల్ ఎల్ ముతవకిల్ తన దేశం మొరాకోకు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. గెలిచిన అమ్మాయి కథ, గెలవలేకపోయిన అమ్మాయి కథ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే ఏ పిల్లకైనా ఆట అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆరతీ సాహా విషయంలోనూ ఇంతే. 1959 సెప్టెంబర్ 29న ఆమె సాధించిన ఘనతను, మరుసటి ఏడాది వచ్చిన పద్మశ్రీని అందరూ రాస్తారు. ఆగస్టు 27న ఆమె ఓడిపోయారు. తోడు రావలసిన పడవ ఆలస్యంగా వచ్చింది. తీరం కొద్ది మైళ్లుందనగా ఎదురు ప్రవాహం అడ్డుపడింది. నీళ్లలోంచి పైకి వచ్చేయాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి మళ్లీ దూకి, 16 గంటల 20 నిమిషాలు ఈది అవతలి ఒడ్డు చేరారు. ఆమెను ప్రోత్సహించినవారిలో అంతకు ముందు ఏడాదే చానల్ దాటిన బ్రజేన్ దాస్ ఉన్నారు. ఆయనది ఢాకా, అప్పటి తూర్పు పాకిస్తాన్. మొదటి ఓటమినీ సరిహద్దు అవతలి స్నేహాన్నీ తీసేస్తే మిగిలేది అంకెలే.

'తొలి' అనే మాటతో ఇంకో చిక్కుంది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 400 మీటర్ల పరుగు గెలిచిన కమల్‌జీత్ సంధూ ఆ పోటీల్లో వ్యక్తిగత స్వర్ణం సాధించిన తొలి భారతీయ మహిళ. చిన్న పిల్లలకు ఎందుకులే అని 'వ్యక్తిగత' అన్న మాట తీసేస్తే నలుగురు స్త్రీలు చరిత్రలోంచి మాయమైపోతారు. 1954 మనీలా ఆసియా క్రీడల్లో 4×100 మీటర్ల రిలే స్వర్ణం గెలిచింది క్రిస్టీన్ బ్రౌన్, స్టెఫీ డిసౌజా, వయొలెట్ పీటర్స్, మేరీ డిసౌజా. సరళంగా రాయడం వేరు, తప్పు రాయడం వేరు. పదేళ్ల పిల్లకు వ్యక్తిగతమంటే ఏమిటో, జట్టంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

రచయితకు అసలు పరీక్ష పెట్టేవి శాంతి సౌందరరాజన్ వంటి జీవితాలు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల ఇంట పుట్టిన ఆమె 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచారు. తర్వాత లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో ఆ పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆపై ఆమె శిక్షకురాలై పిల్లలకు పరుగు నేర్పారు. ఇలాంటి కథ పిల్లలకు వద్దని పక్కన పెట్టడం తేలిక. శరీరాలన్నీ ఒకేలా ఉండవనీ, నిబంధనలు రాసేవారు కూడా అన్యాయం చేయగలరనీ అర్థం చేసుకునే శక్తి పిల్లలకు ఉంది. తోటి పిల్లను ఎగతాళి చేయడమంటే ఏమిటో వారికి పెద్దలకంటే బాగా తెలుసు. వైద్య పరిభాష అక్కర్లేదు, జాలి అంతకన్నా అక్కర్లేదు. జరిగింది జరిగినట్లు చెబితే చాలు.

బతికున్నవారి గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం 'బీహైవ్'లో రెండు భాగాల పాఠం ఒకటుంది. ఒక భాగం 1992, 1993లలో వరుసగా రెండుసార్లు ఎవరెస్ట్ ఎక్కిన సంతోష్ యాదవ్ గురించి, రెండోది టెన్నిస్ తార మరియా షరపోవా గురించి. 2016లో షరపోవా డోపింగ్ పరీక్షలో దొరికి నిషేధానికి గురయ్యారు. నాయికను మచ్చలేని దేవతగా నిలబెడితే ఇలాంటి వార్త వచ్చిన రోజు ఆ పాఠం చెప్పే టీచరు పిల్లల ముందు నీళ్లు నమలాల్సి వస్తుంది. మనిషిగా చూపించి ఉంటే ఆ వార్త కూడా ఒక చర్చ అయ్యేది.

మూసను దాటే దారులు లేకపోలేదు. పోలియోను ఎదుర్కొన్న క్రీడాకారిణి మాలతీ హొళ్ల మీద సౌమ్యా రాజేంద్రన్ రాయగా తూలికా సంస్థ వేసిన 'వింగ్స్ టు ఫ్లై' బొమ్మల పుస్తకం పేరులోనే పతకం లేదు, ఎగరాలన్న కోరిక ఉంది. పుట్టుక నుంచి పురస్కారం దాకా అన్నీ కుక్కాలన్న నియమం ఎక్కడా లేదు. ఒక్క రోజును, ఒక్క నిర్ణయాన్ని పట్టుకుని చెప్పినా జీవితం కనిపిస్తుంది.

మల్లీశ్వరి కథలో అలాంటి రోజులు చాలా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో, బక్కపలచగా ఉన్నావు, బరువులు నీ వల్ల కాదన్న మాట విన్న రోజు. 'నువ్వు చేయగలవు' అంటూ తల్లి శ్యామల వెన్ను తట్టిన రోజు. 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచాక కూడా సిడ్నీకి ముందు ఆమె పనైపోయిందని విమర్శలు వచ్చిన రోజులు. చివరికి ఆ 137.5 కిలోల క్షణం.

వెయిట్ లిఫ్టింగ్‌లో ప్రతి విభాగంలోనూ మూడు ప్రయత్నాలుంటాయి. నిలిచిన బరువుతోపాటు పడిపోయిన బరువునూ స్కోరు కాగితం మీద రాస్తారు. న్యాయనిర్ణేతలు దాచని దాన్ని పిల్లల రచయితలు దాచనక్కర్లేదు. బూట్లు సంచిలో వేసుకుని ఇంటికొచ్చిన ఆ పదకొండేళ్ల పిల్ల పుస్తకంలో మొదట వెతికేది ఆ పేజీనే.