పెన్సిలు కంటే ముందు ఇసుక

మూడేళ్ల బిడ్డ బలపాన్ని పిడికిట పట్టి, భుజమంతా కదిలిస్తూ గీతలు గీస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కదలిక మోచేతికి, తర్వాత మణికట్టుకు దిగుతుంది. మూడు వేళ్లతో పెన్సిలును నిలకడగా పట్టడం చాలామందికి ఐదారేళ్లకు గానీ అలవడదు. మణికట్టులోని 8 చిన్న ఎముకలు పుట్టేనాటికి మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటే గట్టిపడుతూ, చివరిదాని వంతు వచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటవచ్చు. ఎల్‌కేజీ బిడ్డ చేత పేజీలకు పేజీలు దిద్దించే హోంవర్కు ఈ ఎదుగుదలను లెక్కచేయదు.

రాయలసీమ పాతబడులు ఈ తప్పు చేయలేదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికే సాక్ష్యం. పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే; అనంతపురం జిల్లా విడివడింది 1882లో. ఆయన లెక్కకు వచ్చిన బడులు 533. పిల్లలు సాధారణంగా ఐదేళ్ల వయసులో చేరేవారు. చేరగానే మొదటి పని, నేలమీది ఇసుకలో వేలితో అక్షరం రాయడం. ఐరోపాలోలా అక్షరమాల వల్లించడంతో చదువు మొదలయ్యేది కాదని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఇసుకలో వేలు బాగా తిరిగాకే తాటాకు, గంటం, కాగితం, కలం, పలకలా వాడే కడితం చేతికొచ్చేవి.

ఇసుకలో పట్టు బిగించే పని లేదు. తప్పుపోతే అరచేత్తో చెరిపేస్తే సరి. అక్షరం మలుపు వేలికి తగిలి గుర్తుంటుంది. విద్యావేత్త మారియా మాంటిసోరి గరుకు కాగితపు అక్షరాలను పిల్లల చేత తడిమించింది కూడా ఇందుకే.

శెనక్కాయ పండే కదిరి ప్రాంతపు నల్లచెరువు పల్లెల్లో వేళ్లకు కసరత్తు కరువు కాదు. ఎండుకాయ ముక్కును బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే తొక్క టప్పున విచ్చుకుంటుంది. పెన్సిలుకు కావలసిన బలం సరిగ్గా ఆ వేళ్లకే వస్తుంది. గింజ గొంతుకు అడ్డంపడకుండా పెద్దలు పక్కనుండాలి, అంతే. ముగ్గుచుక్కలు కలపడం, బంకమట్టితో బొమ్మలు చేయడం కూడా రాతకు సాధనే.

అక్షరాల వరుస మరో చిక్కు. వర్ణమాల పలకడానికి కూర్చిన క్రమం. చేతికి సులువైన క్రమం వేరు. మెలికలున్న ‘అ’తో చిన్నచేయి తడబడుతుంది. సున్నకు తలకట్టు పెడితే ‘ర’ వస్తుంది. తొలిరాత అక్కడ మొదలైతే మేలు.

జాతీయ విద్యావిధానం 2020, దాని ఆధారంగా 2022లో వచ్చిన పునాదిదశ పాఠ్యప్రణాళిక ఆటపాటలకే పెద్దపీట వేశాయి. అయినా నోటుబుక్కు నిండితేనే బడి మంచిదన్న నమ్మకం పోలేదు. అక్షరాభ్యాసంనాడు బియ్యంలో వేలితో దిద్దించిన కుటుంబమే మర్నాడు పెన్సిలు చేతికిస్తోంది. ఆ బియ్యపు పళ్లెం ఒక్కరోజు వేడుకతో ఆగకూడదు. ప్రతి అంగన్‌వాడీలో ఇసుక పళ్లెం ఉండాలి. ఒకటో తరగతి దాకా రాత హోంవర్కు ఇవ్వవద్దని తల్లిదండ్రులే బడిని అడగాలి.