సంచి ఒళ్లో వద్దమ్మా!

కాకినాడలో గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న ఓ ఇల్లాలు అమలాపురం బస్సెక్కిందనుకోండి. ఇంకా యూరిన్ పైపు తీయలేదు. పదిమందిలో సిగ్గని సంచిని ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పేసింది. యానాం దాటి, ముమ్మిడివరం మీదుగా ఊరు చేరేదాకా అలాగే కూర్చుంది. సంచి పైకెక్కితే అందులోని మూత్రం తిరిగి మూత్రాశయంలోకి పారే ప్రమాదముంది. రెండ్రోజులకి చలిజ్వరం! ఆపరేషన్ వికటించిందేమోనని ఇంటిల్లిపాదికీ కంగారు. తప్పు కత్తిది కాకపోవచ్చు, పైపుది కావచ్చు.

ఇది అరుదైన సంగతేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది.

గర్భసంచికి ఆనుకునే మూత్రాశయం ఉంటుంది. అది నిండి ఆపరేషన్‌కి అడ్డు రాకుండా పైపు వేస్తారు. జారిపోకుండా లోపలి కొసన చిన్న బుడగలో నీళ్లు నింపుతారు. ఏ చిక్కూ లేకపోతే మామూలుగా ఒక రోజులోనే తీసేస్తారు. మూత్రాశయానికి గాయమైతే వారం, రెండు వారాలు ఉంచాల్సి రావచ్చు. పైపు ఉన్న ప్రతి రోజూ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే ముప్పు 3 నుంచి 7 శాతం. అందుకే 'ఎప్పుడు తీస్తారు?' అని డాక్టరును అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఇంట్లో ఇలా...
* సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. మంచం పట్టెకు తగిలించండి. నేలకు తాకనీయొద్దు.
* సగం దాటి నిండగానే, సబ్బుతో చేతులు కడుక్కుని ఖాళీ చేయండి.
* పైపు మడత పడకుండా, గుంజుకుపోకుండా చూడండి. సంచి నుంచి ఊడదీయొద్దు.
* సొంతంగా లాగేయొద్దు. బుడగతో సహా వస్తే మూత్రనాళం చీరుకుపోతుంది.

చలిజ్వరం, రక్తపు గడ్డలు, పొత్తికడుపు ఉబ్బినా సంచిలోకి మూత్రం రాకపోవడం... వీటిలో ఏది కనబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పైపు తీశాక ఆరు గంటలైనా మూత్రం రాకపోతే కూడా అంతే.

మరో సంగతి. ఆపరేషనైన వారం పది రోజులకి యోని నుంచి చుక్కచుక్కగా మూత్రం కారుతూనే ఉంటే, బలహీనతని సరిపెట్టుకోవద్దు. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. దాన్నే ఫిస్టులా అంటారు. దీనికి చికిత్స ఉంది. సిగ్గుపడి గుడ్డలు మార్చుకుంటూ ఏళ్లు గడిపేయాల్సిన పని లేదు. అత్తగారితో చెప్పలేకపోతే అమ్మతో చెప్పండి, భర్తతో చెప్పండి. ముందు నోరు విప్పండి!