పాత 50 ఎంఎం లెన్సు చాలు



గత సంచికలో ఫిల్మ్ కెమెరాల వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే ఎఫ్/1.4 లెన్సు లేనిదే ఫిల్ము దండగన్న మాటను ఒప్పుకోలేను. అది చదివి డబ్బు లేని కుర్రవాళ్లు వెనక్కి తగ్గకూడదనే ఈ ఉత్తరం.

ఎఫ్/1.4కీ ఎఫ్/1.8కీ వెలుతురులో తేడా స్టాపులో మూడింట రెండు వంతులే. 200 ఐఎస్ఓ బదులు 400 ఫిల్ము వేస్తే పూర్తి స్టాపు కలిసొస్తుంది. ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ కూడా ఎక్కువగా వాడింది 50 ఎంఎం లెన్సే. పెంటాక్స్ కె1000 కెమెరా ఉన్నవారికి పెంటాక్స్-ఎం 50 ఎంఎం ఎఫ్/2 హాయిగా సరిపోతుంది. పాత మాన్యువల్ ఫోకస్ నికాన్ కెమెరా ఉంటే అపర్చర్ రింగు లేని ‘జి’ లెన్సులు మాత్రం కొనవద్దు. ఆ కెమెరా మీద వాటి అపర్చర్ మార్చలేరు.

పాత లెన్సు కొనేముందు వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులా పోగులు కనిపిస్తే ఫంగసే. అపర్చర్ రేకులకు నూనె అంటిందేమో, చురుగ్గా కదులుతున్నాయో లేదో గమనించండి. మా సముద్రతీరపు తేమకు నేనొక మంచి లెన్సు పోగొట్టుకున్నాను. అప్పటినుంచి సిలికా జెల్ వేసిన డబ్బాలోనే దాస్తున్నాను.

మిగిలిన డబ్బు ఫిల్ముకు పెట్టండి. చేయి తిరిగేది రోల్ మీద రోల్ ఫొటోలు తీస్తేనే.

– ఒక పాఠకుడు, కాకినాడ